రెండో విడత

నకిలీపాలెంలో ఆ పూట కూడా ఆడవాళ్లే చచ్చిపోయారు.

చచ్చిపోవడమంటే నిజంగా ప్రాణాలు పోవడం కాదు లెండి. తెరమీద చిన్న చిన్న పచ్చచుక్కలు బూడిదరంగుకి తిరగడం, అంతే. అయినా నెల్లాళ్లుగా అవే చుక్కలు, అవే గుమ్మాల దగ్గర, అలాగే రంగు మారుతుంటే చూసేవాడికి మనసు మనసులో ఉండదు. భానోజీరావుకి మాత్రం విసుగొచ్చింది. ఆయన శాస్త్రవేత్త. లెక్క తప్పితే ముందు విసుగే వస్తుంది, బాధ తర్వాత తీరిగ్గా వస్తుంది.

అసలు ఊరు రేవుపాలెం. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క ఎరువుల ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీలో ఆకాశమంత అమ్మోనియా ట్యాంకు. ఆ ట్యాంకు ఎప్పుడైనా పగిలి, గాలి ఊరివైపు తిరిగితే జనం బయటపడడానికి ఉండే వ్యవధి ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో ఎవరు ఎటు నడవాలో ముందే తేల్చిపెట్టమని జిల్లా అధికారులు భానోజీరావు పనిచేసే సంస్థకి పని అప్పజెప్పారు. ఆయన ఊరికి ఊరినే కంప్యూటర్లో కట్టేశాడు. ఇంటింటా సర్వే చేయించి, ఇంటికి ఇల్లు, వీధికి వీధి, మనిషికి బొమ్మ. ల్యాబులో అందరూ దాన్ని నకిలీపాలెం అనేవాళ్లు.

బొమ్మలన్నిటికీ ఒకే బుద్ధి పెడితే సైరన్ మోగగానే అన్నీ బుద్ధిగా లేచి బయటికి నడుస్తాయి. అలాంటి ఊరు భూమ్మీద ఎక్కడా లేదు. అందుకని ఆయన ప్రతి బొమ్మకీ మూడు సంగతులు తూచుకోవడం నేర్పాడు. తనకేం కావాలి, పక్కవాళ్లేం చేస్తున్నారు, తను చేసేది చూసి నలుగురూ ఏమనుకుంటారు. మూడోదే అసలు కిటుకు. ఒక్కో బొమ్మకి ఒక్కో పాళ్లలో కలిపాడు. ఆ పాళ్లు కూడా సొంతంగా ఊహించి పెట్టలేదు. ఏడాదిపాటు ఊళ్లో వీధి కెమెరాలు ఏ గుమ్మం ఎప్పుడు తెరుచుకుందో, ఎవరి వెనక ఎవరు బయటికొచ్చారో చూశాయి. మొహాలు చెరిపేసిన ఆ కదలికల్ని చూసి బొమ్మలే నేర్చుకున్నాయి.

బ్రహ్మాండంగా నేర్చుకున్నాయి. ఒక బొమ్మ పక్కింటివాడు కదిలితేగానీ కదలదు. ఒకటి పొయ్యిమీద గిన్నె దింపందే రాదు. ఒకటి అందరూ వీధిలోకొచ్చాక లుంగీ సర్దుకుంటూ తాపీగా వస్తుంది. ఊళ్లోవాళ్లని పిలిచి చూపిస్తే, "ఓలమ్మో, ఇది మా పెద్దబాబే!" అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

ఒక్క చోటే తేడా కొట్టింది. వందకి పైగా బొమ్మలు సైరన్ మోగినా గుమ్మం లోపలే నిలబడిపోతున్నాయి. కాళ్లు లేక కాదు, చెవులు లేక కాదు. వీధి పూర్తిగా ఖాళీ అయ్యాకే బయల్దేరుతున్నాయి. అప్పటికి గాలి వచ్చేస్తోంది.

"సార్, ఇవన్నీ మొగుడు పోయిన ఆడవాళ్ల బొమ్మలు," అంది నౌషీన్. గుంటూరు పిల్ల, ల్యాబులో చేరి రెండేళ్లు. ఉన్నమాట ఉన్నట్టు అనేసి తర్వాత నాలుక కరుచుకునే రకం. "ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ అవే."

"డేటా తప్పయ్యుంటుందమ్మా. వయసెక్కువ వాళ్లేమో."

"ముప్ఫై ఏళ్లవాళ్లు కూడా ఉన్నారు సార్. వయసు కాదు. ఎవరో ఒకరు బయటికి వెళ్లబోతున్నారంటే వీళ్ల గుమ్మం తెరుచుకోదు. వాళ్లు వెళ్లిపోయాక తెరుచుకుంటుంది. ఏడాదంతా అంతే."

భానోజీరావుకి సంగతి వెంటనే తెలిసింది. తెలియనట్టు కళ్లజోడు తుడుచుకున్నాడు. పనిమీద బయల్దేరేవాళ్లకి భర్త పోయిన మనిషి ఎదురుపడకూడదు. ఆయన చిన్నప్పుడు ఇంటింటా ఉన్న మాటే. కానీ సర్వేలో ఆ ప్రశ్న అడిగారుగా! జవాబిచ్చినవాళ్లందరూ ఒక్క గొంతుతో, "అబ్బే, ఈ కాలంలో కూడా ఎవరు పాటిస్తారండీ?" అన్నారుగా! ఆ జవాబు రాసుకున్నవాళ్లలో ఆయనా ఒకడు. చాలా సంతోషంగా రాసుకున్నాడు.

"మా ఇంట్లో ఇది లేదు సార్," అంది నౌషీన్. "మావి మాకు వేరే ఉన్నాయి లెండి."

"మా ఇంట్లోనూ లేదు," అన్నాడాయన, కాస్త గట్టిగానే.

భానోజీరావు ఇల్లు రేవుపాలెంలోనే, మూడో వీధిలో. ఇంట్లో ఆయన, భార్య శశికళ, ఆయన అప్ప, అంటే అక్క, మాలక్ష్మి. అప్ప మొగుడు లారీ డ్రైవరు. ఘాట్ రోడ్డులో పోయాడు. ఆ ఏడే భానోజీరావు వెళ్లి అప్పని తెచ్చుకున్నాడు. ఆవిడ కుట్టుమిషను పెట్టుకుని వీధి మొత్తానికి జాకెట్లు కుడుతుంది. మిషను ముందు టీవీ, టీవీలో క్రికెట్. క్యాచ్ వదిలేసినవాణ్ణి ఆవిడ తిట్టే తిట్లు నాలుగిళ్ల అవతలికి వినిపిస్తాయి. ఇంట్లో ఆవిడ మాటకి ఎదురులేదు. ఏ కూర వండాలో ఆవిడే చెబుతుంది, శశికళ వండుతుంది. ఇలాంటి మనిషిని ఎవరైనా అశుభం అంటారా? ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో ఏనాడూ ఆ మాట పుట్టలేదు.

మర్నాడు ఆయన ఆఫీసుకి బయల్దేరాడు. చెప్పులేసుకుని, గేటు దాకా వెళ్లి, ఏదో మరిచినట్టు గబుక్కున వెనక్కి తిరిగి వంటింట్లోకి వచ్చేశాడు.

అప్ప వంటింటి తలుపు వెనక నిలబడి ఉంది. చేతిలో ఏ పనీ లేదు. గోడకి వీపు ఆనించి, గేటు చప్పుడు కోసం చెవి ఒగ్గి, అలా నిలబడింది. తమ్ముణ్ణి చూసి ఉలిక్కిపడి మొహం పక్కకి తిప్పేసుకుంది.

"ఇక్కడ నిలబడ్డావేటప్పా?"

"ఏటీ లేదురా. నువ్వెల్లు, నువ్వెల్లు. టైమైపోతంది."

"రోజూ ఇక్కడే నిలబడతావా?"

"నిలబడితే నాకేటి కాళ్లరిగిపోతాయా? నువ్వెల్లినాక మిషను దగ్గరికి పోతాను. బేగి ఎల్లరా బాబూ, గుమ్మంలో ఈ మాటలేటి!"

ఆయన శశికళ వైపు చూశాడు. శశికళకి కోపమొచ్చింది. "నన్నెందుకు చూస్తారు? నేనెప్పుడైనా వదిన్ని ఒక్క మాటన్నానా? అడగండి ఆవిణ్ణే!"

"అనలేదురా. పాపం, దానికేటి తెలుసు. ఎవులూ అనలేదు," అంది అప్ప.

అదే నిజం. ఎవరూ అనలేదు. ఇన్నేళ్లలో తను బయల్దేరేటప్పుడు అప్ప ఒక్కసారైనా కళ్లబడిందా అని భానోజీరావు ఆఫీసుకి వెళ్లేదాకా గుర్తుచేసుకోవాలని చూశాడు. గుర్తురాలేదు. ఆయనకి సిగ్గేసింది. తన ఇంట్లో జరిగేది తనకి తన బొమ్మలు చెప్పాల్సి వచ్చింది.

సిగ్గుపడ్డ మనిషి ఊరికే కూర్చోలేడు. ఆ రోజే నౌషీన్‌ని పిలిచి, "ఆ బొమ్మల్ని సైరన్ మోగగానే అందరికన్నా ముందు బయటికి పంపించు. వాటిని ఆపేదేముంది? మనమే కదా ఆడించేది!" అన్నాడు.

పంపించారు. బూడిదచుక్కలు మూడింతలయ్యాయి.

ఇద్దరూ నోరెళ్లబెట్టి చూశారు. ముందు నడిచిన ఆడబొమ్మలన్నీ క్షేమంగా ఊరవతల జనం చేరాల్సిన మైదానం చేరాయి. వాటి వెనక గుమ్మాల్లోంచి తొంగిచూసిన బొమ్మలే ఆగాయి, ఇంట్లోకి తిరిగిపోయాయి, కాసేపుండి మళ్లీ బయల్దేరాయి. ఆ కాసేపట్లో గాలి వచ్చేసింది.

"లోపలికెళ్లి ఏం చేస్తున్నాయి సార్?" అంది నౌషీన్. "ఏం చెయ్యడం లేదు. ఊరికే ఉంటున్నాయి."

"కూర్చుంటున్నాయి," అన్నాడు భానోజీరావు. "అలాంటి ఎదురు వస్తే వెనక్కెళ్లి కాసేపు కూర్చుని, కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు."

"గ్యాసొస్తుంటే కూడానా?"

"గ్యాసొస్తోందని బొమ్మకి తెలుసు. తెలిసి కూడా పోతోంది."

కిందా మీదా పడి ఎన్ని రకాలుగా ఆడించినా నకిలీపాలెం ఒకటే మాట చెప్పింది. ఆ ఆడవాళ్లు ఆఖర్న కదిలితే అందరికన్నా తక్కువమంది పోతారు. అంటే వాళ్లే పోతారు. ఊరు ఇన్నాళ్లూ చేస్తూ వచ్చినదాన్నే యంత్రం కూడా లెక్కగట్టి, ఇదే ఉత్తమం అని తేల్చింది. భానోజీరావుకి ఒళ్లు మండిపోయింది. ఎవరిమీద మండాలో తెలియక నౌషీన్‌ని రెండు మాటలని, తర్వాత టీ తెప్పించి ఇచ్చాడు.

సమావేశంలో జిల్లా విపత్తుల అధికారిణి తెరమీద బొమ్మల్ని శ్రద్ధగా చూశారు. పేరు వసుంధర. చురుకైన మనిషి. మర్యాదగా మాట్లాడతారు.

"మీ లెక్క బాగుంది భానోజీరావుగారూ. ఆ వర్గాన్ని రెండో విడతలో తరలిద్దాం."

"రెండో విడతంటూ ఏమీ లేదండి. ఎనిమిది నిమిషాల్లో ఒక్క విడతే."

"వాళ్లకి మాస్కులు ఇద్దాం."

"అమ్మోనియా ఆ మాస్కులకి ఆగదండి."

"నాకు మాత్రం ఇష్టమా చెప్పండి? వందమంది ఒకవైపు, మూడు వందలమంది ఒకవైపు. మీ యంత్రమే చెబుతోంది. నేను ఏది రాయాలి?"

"అవి బొమ్మలండి! రోజూ ఆఫీసుకెళ్లేటప్పుడు పాటించేది ప్రాణం మీదికొస్తే మనుషులు పాటించరు. బొమ్మలకా ఇంగితం లేదు, అంతే." ఇన్నాళ్లూ తన బొమ్మలంత నిజమైనవి లేవని ఊరేగినవాడే ఆ మాటన్నాడు. "మా వీధిలో పరీక్ష పెట్టండి. ఏ రోజో చెప్పకుండా సైరన్ మోగించండి. మా అప్ప అందరికన్నా ముందు నడుస్తుంది. వీధంతా టైముకి మైదానంలో ఉంటే ఆ రెండో విడత కొట్టెయ్యండి."

"లేకపోతే?"

"లేకపోతే మీ ఇష్టం."

వసుంధర ఒప్పుకున్నారు. నెలలోపు ఏదో ఒక రోజు సైరన్ మోగుతుంది. నిజమో పరీక్షో ఎవరికీ తెలియదు. రోజు ఎంచేది నౌషీన్, భానోజీరావుకి కూడా చెప్పదు.

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది.

"నానొల్లను," అంది అప్ప. "ఊరందరికీ ఎదురెల్లమంటావేటిరా? పిల్లా జెల్లా ఉన్నోలు. ఆలకేటన్నా అయితే నా మీదికే గదా ఒస్తాది!"

"ఏమీ అవదప్పా. నువ్వు ముందు నడవకపోతేనే అవుతుంది. నువ్వు లోపలుంటే నువ్వు పోతావు."

"పోతే పోతాను. నాకేటి పెల్లా పేరంటమా?"

"అలా అనకండి వదినా," అంది శశికళ. "నాకెవరున్నారు మీరు తప్ప? ఈయన పొద్దస్తమానూ ఆ బొమ్మలతోటే ఉంటారు."

అప్ప మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. తర్వాత తమ్ముడి మొహం చూసింది. "నువ్వు పందెం కాసినావేటిరా?"

"కాశాను."

"నా మీదా?"

"వీధి మీద."

"ఓరి నీ తెలివి తెల్లారిపోనూ," అని నవ్వింది. "సర్లే. నీ మాట పోకూడదు గదా. సైరనొస్తే నాను ముందెల్తాను. నువ్వు మాత్రం నా ఎనకాలే ఉండాల."

"నీ వెనకాలే ఉంటాను," అన్నాడు భానోజీరావు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

వీధిలో అలాంటివాళ్లు ఇంకో ఇద్దరున్నారు. వాళ్లనీ అడిగాడు. ఒకావిడ ఏడ్చింది, ఒకావిడ తలుపేసుకుంది. అప్ప ఒక్కతే మిగిలింది.

రోజులు గడిచాయి. సైరన్ సంగతి జనం దాదాపు మరిచిపోయారు. ఒక మబ్బు పట్టిన పొద్దుటిపూట, భానోజీరావు గెడ్డం గీసుకుంటుండగా మోగింది.

ఆ మోత ఎలాంటిదో విన్నవాళ్లకే తెలుస్తుంది. పరీక్షే అయి ఉంటుందని ఆయన బుర్రకి తెలుసు, గుండెకి తెలియదు. సబ్బునురుగు తుడుచుకుంటూ, "అప్పా, నడు! శశీ, గ్యాసు కట్టెయ్!" అని కేకేశాడు. అప్ప అప్పటికే చెప్పులేసుకుంది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, గేటు తీసుకుని వీధిలోకి అడుగుపెట్టింది. వెనక్కి చూడకుండా మధ్యలోంచి నడిచింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ వీధిలో అందరికన్నా ముందు బయటికొచ్చిన మనిషి మాలక్ష్మి.

వీధిలో గుమ్మాలు ఒకటొకటే తెరుచుకున్నాయి. భానోజీరావు గేటు లోపల నిలబడి చూస్తున్నాడు. ఎదురింటి స్కూలు మేష్టారు పిల్లాణ్ణి చంకనేసుకుని బయటికొచ్చాడు. అప్పని చూశాడు. "అమ్మో, ఫోను!" అని లోపలికి పరుగెత్తాడు. పక్కింటావిడ గడప దాటి, అప్పని చూసి, మెడ తడుముకుని, "గొలుసు మర్చిపోనానే," అంటూ తిరిగింది. ఆపైన ఇంట్లో కుర్రాడికి బండి తాళాలు గుర్తొచ్చాయి. ఇంకొకాయన మేడమీద పంపు కట్టలేదనుకున్నాడు. ఎవరూ మొహం చిట్లించలేదు. ఎవరూ ఒక్క మాటనలేదు. ప్రతివాడికీ ఏదో ఒకటి నిజంగానే గుర్తొచ్చింది. తెరిచిన గుమ్మాలు అన్నీ మళ్లీ ఖాళీ అయిపోయాయి.

"రండి, రండి! ముందు రండి!" అని భానోజీరావు గొంతు చించుకుని అరిచాడు. ఎవరికి వినిపిస్తుంది, సైరన్ హోరులో!

ఆ అరుపు అప్పకి వినిపించినట్టుంది. వీధి చివర ఆగి, తమ్ముడు వెనక లేడని చూసుకుని, ఇటు తిరిగింది. "ఒరే తమ్ముడూ, రారా!" అని చెయ్యూపింది. భానోజీరావు గేటు తీశాడు. ఒక కాలు వీధిలో పెట్టాడు. ఎదురుగా అప్ప.

సరిగ్గా అప్పుడే ఆయనకి మెడలో ఐడీ కార్డు లేదని గుర్తొచ్చింది. మైదానంలో అధికారులుంటారు, కార్డు లేకపోతే బాగుండదు. ఒక్క నిమిషం పని. లోపలికొచ్చాడు. కార్డు మేకుకి తగిలించి ఉంది, మెడలో వేసుకున్నాడు. పెద్ద సైరన్ కదా, గుండె దడదడలాడుతోంది, కుర్చీలో కూర్చుంటే కాస్త నెమ్మదిస్తుందనిపించింది. కూర్చున్నాడు.

"ఏవండీ," అంది శశికళ.

ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన చేతివైపు చూస్తోంది. ఆయన కూడా చూసుకున్నాడు. చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. సగం తాగేశాడు. బిందె దగ్గరికి ఎప్పుడు వెళ్లాడో, ఎప్పుడు ముంచుకున్నాడో ఆయనకి తెలియదు.

గ్లాసు అక్కడే పడేసి పరుగెత్తాడు.

అప్పటికి వీధి నిండా జనం. అందరూ గబగబా, బుద్ధిగా మైదానంవైపు నడుస్తున్నారు. వాళ్లని తోసుకుంటూ వెళ్లేసరికి సైరన్ ఆగిపోయింది. ఎనిమిది నిమిషాలూ ఎప్పుడో అయిపోయాయి. మైదానం గేటు దగ్గర వసుంధర, పక్కన తలొంచుకుని నౌషీన్ ఉన్నారు. అంత మైదానంలోనూ, నిర్ణీత సమయానికి మూడో వీధి నుంచి వచ్చిన మనిషి ఒక్కరే ఉన్నారు. సున్నం గీసిన గీత లోపల, ఎక్కడ నిలబడమన్నారో అక్కడే, చేతులు కట్టుకుని అప్ప.

"మిగతావాళ్లేరమ్మా?" అని వసుంధర ఆవిణ్ణి అడుగుతున్నారు.

"ఒచ్చెస్తారమ్మా. నాను దాటొచ్చెసినాను గదా, ఇంక బయల్దేరుంటారు."

వసుంధర భానోజీరావుని చూశారు. రెండో విడత అలాగే ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆవిడే గీత దాటి వచ్చింది. తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. చెంపమీద ఆరిపోయిన సబ్బునురుగు, మెడలో కార్డు, గెడ్డం కిందనుంచి చొక్కామీదికి జారిన తడి.

"నీల్లు తాగొచ్చినావేటిరా?"

అబద్ధమాడదామనుకున్నాడు. ఆడలేక ఊఁ అన్నాడు.

అప్ప తన చీర కొంగుతో ఆయన గెడ్డం తుడిచింది. చుట్టూ మేష్టారు, పక్కింటావిడ, కుర్రాడు, వీధంతా నిలబడి చూస్తోంది. ఆవిడ అందరికీ వినపడేలాగే అంది.

"మంచిపని చేసినావు. ఎండకి నోరెండిపోద్ది మరి."

అప్పటికింకా మబ్బు విడలేదు.